రెండు ముక్కల వీడియో

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోనులో రెండు ముక్కలుగా ఉంది. మొదటి ముక్కలో ప్రార్థన బల్ల మీద పార్సిల్ కనబడుతుంది, టేపు చెదరకుండా. రెండో ముక్క మొదలయ్యేసరికి నా చేతిలో కత్తెర ఉంటుంది. ఆ రెంటికీ మధ్య నేను ప్రార్థన చేశాను. ఆ కాసేపు ఫోను ఆగి ఉంది. ఏడు నెలల పని ఆ ఖాళీలో పోయింది.

మాది హిందీవాళ్ల ఊరు, ఉక్కు ప్లాంటు పక్కన క్యాంప్ 1 అనే బస్తీ. నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. రిటైరయ్యాక సెక్టారులోని కంపెనీ క్వార్టరు అప్పగించేసి, ఈ సందులో రెండు గదుల రేకుల ఇల్లు కొన్నాడు. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పంపితే వారంలో మూడు రోజులు మంచమే. అందుకని నాన్నే షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, పలక పట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. తెలుగు, లెక్కలు, కొంచెం ఇంగ్లీషు, అన్నీ ఆయన దగ్గరే. హిందీ మాత్రం సందు నేర్పింది.

పలక మీద రాయకుండా ఆయన నేర్పింది ఒకటుంది. ఇంట్లోకి ఏది వచ్చినా ముందు ప్రార్థన బల్ల మీద పెట్టాలి. దాని మీద చేతులుంచి దేవునికి స్తోత్రం చెప్పాలి. ఆ తరవాతే విప్పాలి. జీతం కవరుకైనా అంతే, రేషను బియ్యానికైనా అంతే. "ఇప్పి సూసి, నచ్చితే స్తోత్రం సెప్పడం బేరమాడ్డం అవుద్ది. సూడకుండానే సెప్పాల," అనేవాడు. నాన్న పోయి చాలా ఏళ్లయింది. బల్ల ఉంది. అలవాటూ ఉంది.

అమ్మది లేసు పని. విజయనగరం వైపు మిషను హాస్టల్లో చిన్నప్పుడు నేర్చుకుంది. ఆవిడది ఎడమచేతి వాటం. నేర్పే టీచరమ్మ ఆ చేతిని ఓణీ కొంగుతో వెనక్కి కట్టేసేదట. కట్టినంతసేపూ కుడిచేత్తో పాడుచేసి, విప్పాక ఎడమచేత్తో బాగుచేసేదట అమ్మ. చివరికి టీచరమ్మ పక్కన కాకుండా ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసినట్టు చూసి, తనంతట తనే పట్టేసింది. నాది కుడిచేతి వాటం. కాబట్టి నేనూ అమ్మకి ఎదురుగా కూర్చునే నేర్చుకున్నాను. మా మోకాళ్లు తగులుతూ ఉండేవి. అలా నేర్చుకోవడం వల్ల అమ్మ అల్లిక ఒక దిక్కుకి తిరుగుతుంది, నాది దానికి ఎదురు దిక్కుకి. బల్ల మీద పరిస్తే ఎవరికీ తెలియదు. మా ఇద్దరికీ తెలుస్తుంది.

మా అమ్మాయి కాలేజీలో చేరిన ఏడాది ఒక ఆన్‌లైన్ బజారులో నా పేరున దుకాణం తెరిచింది. టీవీ మీద వేసే గుడ్డలు, బాప్తిస్మం గౌన్లు, ట్రేలలో పరిచేవి. చిన్న చిన్న ఆర్డర్లు. సరుకు అందిన వారానికి డబ్బు పడేది. ప్రతి పొట్లంలోనూ నా చేత్తో ఒక చీటీ రాసి పెట్టేదాన్ని, మీ ఇంటికి మేలు కలగాలని. కొందరు తిరిగి రాసేవారు. ఊరూ పేరూ తెలియని మనుషులు నా గుడ్డ మీద కాఫీ కప్పు పెట్టుకుంటున్నారని తలచుకుంటే నాకు చాలా బాగుండేది. ఆ రోజులకి నేనిప్పటికీ స్తోత్రం చెబుతాను.

పెద్ద టేబుల్ క్లాతు అమ్మ మొదలుపెట్టింది. అప్పటికే ఆవిడకి ఒక కన్ను లేదు, రెండోది మసక. కుట్లు వేలితో తడిమి లెక్కపెట్టుకునేది. నడిమి చక్రం, దాని చుట్టూ పన్నెండు పువ్వులు, అంతవరకూ లాక్కొచ్చి ఒక మధ్యాహ్నం సూది నా ఒళ్లో పెట్టేసింది.

"ఇంక నాకు అగపడ్డం లేదే. అంచు నువ్వెయ్యి."

అంచు నేను వేశాను. మొత్తం ఏడు నెలలు. ఉతికి, గంజి పెట్టి ఆరేశాక దాన్ని అమ్మకూడదనిపించింది నాకు. ఆ మాటే అన్నాను.

"పెట్లో పెడితే ఎలకలు కొట్టేస్తాయి," అంది అమ్మ. "ఎవులో ఒకలు బల్ల మీద ఏసుకోనీ. ఆ డబ్బులెట్టి నా మంచం మీద రేకు మార్పించు. వానొస్తే నాను గొడుగేసుకుని తొంగోవాలి."

పెద్ద నగరంలో ఎవరో ఆవిడ కొన్నది. కొత్త ఇల్లు, ఎనిమిది కుర్చీల బల్ల. కొనేముందు ఎన్ని ఫోటోలు అడిగిందో. అడిగినవన్నీ మా అమ్మాయి తీసి పంపింది, దగ్గరగా, దూరంగా, తిరగేసి. అందిన మూడో రోజున రిటర్ను పెట్టింది. కారణం దగ్గర, ఫోటోలో ఉన్నట్టు లేదని ఉంది. కాదనే వీలు మాకు లేదు. కొరియరు అతను ఆవిడ గుమ్మంలో పొట్లం అందుకోగానే డబ్బు ఆవిడకి తిరిగి వెళ్లిపోయింది. ఇంకా మాకు చేరని డబ్బది.

నేను బాధపడలేదు. అబద్ధం ఎందుకు, కొంచెం సంతోషించాను కూడా. గుడ్డ ఇంటికొస్తోంది కదా అనుకున్నాను. ఈసారి అమ్మకుండా ఉంచుకోవచ్చని, చర్చిలో బల్లకి ఇవ్వొచ్చని. అది దారిలో తడవకుండా రావాలని రోజూ ప్రార్థన చేశాను.

పార్సిల్ సాయంత్రం నాలుగింటికి వచ్చింది. మా అమ్మాయి ఇంట్లోనే ఉంది.

"మమ్మీ, కత్తెర ముట్టుకోకు. రిటర్న్ వస్తే వీడియో తియ్యాలి. లేకపోతే క్లెయిమ్ ఇవ్వరు."

"క్లెయిమ్ ఏటే? మన గుడ్డ మనకొచ్చింది."

"అరే, రూల్ అది. పెట్టు బల్ల మీద."

అమ్మని చెయ్యి పట్టి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. పిల్ల పొట్లాన్ని నాలుగు పక్కలా తిప్పి వీడియో తీసింది, చిరునామా కాగితం, టేపు. నేను చేతులుంచి కళ్లు మూసుకున్నాను. అమ్మ కూడా పొట్లం అంచున చెయ్యి వేసింది. ప్రార్థనలో ఫోను ఉండకూడదని నా బిడ్డకి నేనే నేర్పాను. చిన్నప్పుడు ఒకసారి దానికోసం చెంప మీద కొట్టాను కూడా. అది బుద్ధిగా ఫోను ఆపి, పక్కన పెట్టి, చున్నీ తల మీద కప్పుకుంది. నేను తొందరపడలేదు. ఆ కొన్నావిడ కోసం కూడా ప్రార్థించాను, ఆవిడ కొత్త ఇంట్లో శాంతి సమాధానాలు ఉండాలని. ఆమెన్ అన్నాక పిల్ల మళ్లీ ఫోను తీసింది.

లోపల లేసు గుడ్డే ఉంది. తెల్లగా, గుండ్రంగా. ఒక క్షణం నాకేమీ తేడా తెలియలేదు. ఒక పక్క టీ మరక చూసి, అయ్యో, వాడేసి పంపారు అనుకున్నాను. అమ్మ చేతులు చాపింది. ఇచ్చాను. నడిమి నుంచి అంచు దాకా వేళ్లతో నడిచినట్టు నడిచి, ఆగిపోయింది.

"ఇది నా సెయ్యి కాదే."

"సరిగ్గా చూడమ్మా."

"ఏటి సూసేది? నూలు కాదిది, పలాస్టిక్కు. మిషినుది. నాదేదే?"

అదీ వీడియోలో ఉంది. అమ్మ అడగడం, నేను ఖాళీ పొట్లం మళ్లీ తడమడం.

కంపెనీవాళ్లు అమ్మకందార్లకి రక్షణ అని ఒకటి పెట్టారు. మనం పంపినది కాకుండా వేరేది తిరిగొస్తే, రుజువు చూపిస్తే, నష్టం కట్టిస్తారు. మా అమ్మాయి ఆ రాత్రే అన్నీ పెట్టింది. ముందు ఫోటోలు, తరవాతి ఫోటోలు, వీడియో రెండు ముక్కలూ. నడిమి అల్లిక ఒక దిక్కు, అంచు అల్లిక మరో దిక్కు, అలాంటి గుడ్డ ఇంకొకటి ఉండదని నేను చెబితే అది ఇంగ్లీషులో రాసింది. రెండు రోజులకి జవాబు వచ్చింది. వీడియో మధ్యలో తెగింది, సీలు ఉన్నప్పటినుంచి తెరిచేదాకా ఒకే వీడియో ఉండాలి, కాబట్టి ఒప్పుకోలేము.

మా ఆయన ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టు పనిలో, ఫిట్టరు. పనినుంచి వచ్చి బూట్లు విప్పుతూ విన్నాడు.

"దేవుడు సూసేడు సరే. కెమెరా సూడలేదు కదా. ఏటి సేస్తావు?"

ఎగతాళికి అన్నాడని కాదు. అలసిపోయి ఉన్నాడు. మంచినీళ్లు తాగి, ఇంకోసారి ఫోను చేసి అడగమన్నాడు.

మర్నాడు ఫోను చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒకావిడ ఎత్తింది. హిందీలో, చాలా మర్యాదగా. నేను మొదటినుంచి చెప్పాను. అమ్మది ఎడమచెయ్యి అని, కన్ను లేదని, ముట్టుకుని చెప్పిందని. ఆవిడ అడ్డు రాలేదు.

"మేడమ్, వీడియో బీచ్ మే బంద్ క్యోఁ కియా?"

మధ్యలో ఎందుకు ఆపారని అడుగుతోంది.

"ప్రార్థనా కర్ రహే థే, దీదీ."

ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది, తన ముందున్న జాబితాలో కారణాలు ఎనిమిదున్నాయట. కరెంటు పోయింది, ఫోను పాడైంది, అలాంటివి. ప్రార్థన అన్నది లేదట. "కరెంటు పోయిందని రాయనా?" అని అడిగింది. నాకు మేలు చేద్దామనే అడిగింది. వద్దన్నాను. పోలేదు కదా. సాయంత్రం నాలుగింటికి ఫ్యాను తిరుగుతూనే ఉంది, వీడియోలో దాని చప్పుడు వినిపిస్తుంది కూడా. ఆవిడ "ఠీక్ హై మేడమ్" అని, ఇతర కారణాలు అన్నచోట నా మాటే రాసుకుంది. పైవాళ్లకి పంపుతానంది. చివర్లో, మీకొక మెసేజి వస్తుంది, నాకు మంచి మార్కులు వెయ్యండి దీదీ, అవి తగ్గితే నాకు ఇబ్బంది అంది.

మెసేజి వచ్చింది. మీ సమస్య పరిష్కారమైందా, అవును, కాదు. దానికింద అయిదు నక్షత్రాలు. ఆవిడ నలభై నిమిషాలు నా మాట విన్నది. ఆ వారంలో అంతసేపు విన్నవాళ్లు వేరే ఎవరూ లేరు. కాదు అని నొక్కితే ఆవిడ తలమీద పడుతుందనిపించింది. అవును అని నొక్కాను. అయిదు నక్షత్రాలూ వేశాను. దేవుడు నిన్ను దీవించును గాక అని కింద రాశాను.

సాయంత్రానికి మెయిలు వచ్చింది. మా అమ్మాయి చదివి, ఫోను నా వైపు తిప్పి పట్టుకుంది.

"మమ్మీ, యెస్ నొక్కావా?"

"ఆవిడ తప్పేముందే?"

"ఆవిడ గురించి కాదు మమ్మీ, కేసు గురించి అడిగారు. సమస్య తీరిపోయిందని నువ్వే చెప్పావంట. బంద్ చేసేశారు. ఇంక తెరవరంట."

"మళ్లీ రాయి. పొరపాటున నొక్కానని రాయి."

రాసింది. మళ్లీ మళ్లీ రాసింది. ప్రతిసారీ అదే జవాబు, మొదట్లో ధన్యవాదాలు, చివర్లో ధన్యవాదాలు. వెనక్కి వచ్చిన కొరియరు ఖర్చు కూడా మా మీదే వేశారు. కొన్నావిడకి చాట్‌లో రాద్దామంటే ఆ దారి మూసి ఉంది. పోలీసులకి చెబుదామని మా ఆయన ఒక పూట పని మానుకుని స్టేషనుకి వెళ్లి వచ్చాడు. ఆవిడ ఊరు ఎక్కడ, మీ ఊరు ఎక్కడ, గుడ్డ కోసమా అన్నారట.

అమ్మకి నేను మొత్తం చెప్పలేదు. కేసు నడుస్తోందన్నాను. కొన్నాళ్లు రోజూ అడిగింది, ఏటే, నాది వచ్చిందేటి అని. వానలు మొదలయ్యాక అడగడం మానేసింది. ఆవిడ మంచం ప్రార్థన బల్ల ఉన్న ఈ గదిలోకి జరిపాం. ఆ మంచం ఉన్నచోట బకెట్ పెట్టాం. సూది, దారం ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఆ మరక గుడ్డ బీరువా మీద సంచిలో ఉంది. రుజువు కదా, పారెయ్యొద్దని పిల్ల అప్పట్లో అంది. ఇప్పుడు ఎవరికి చూపించాలో దానికీ తెలియదు, అయినా దించలేదు.

దుకాణం మూసెయ్యలేదు. మూసేస్తే ఎలా? చిన్నవి అల్లుతున్నాను. మొన్న ఒక ట్రే గుడ్డ రిటర్ను వచ్చింది. పిల్ల ఫోను పట్టుకుని నిలబడింది. నేను పొట్లం బల్ల మీద పెట్టాను. చేతులు దాని మీదకి వెళ్లాయి. పిల్ల ఫోను ఆపలేదు. ఆ చిన్న ఎర్రచుక్క వెలుగుతూ ఉంటే నాకు ప్రార్థన ఒక్క మాటా రాలేదు. కత్తెర తీసుకుని టేపు కోశాను.

మంచం మీంచి అమ్మ తల తిప్పింది. చప్పుడు పోల్చుకుంది.

"ఏటే, ప్రార్థన సెయ్యకుండానే కోసేసేవా?"

"చేస్తానమ్మా," అన్నాను.

లోపలున్నది నాదే. మడత కూడా నలగలేదు. దాన్ని కెమెరాకి ముందూ వెనకా తిప్పి చూపించాను. పిల్ల చాలు అనేదాకా చూపించి, సంచిలో పెట్టాను.