కట్టుడు పండ్లతో ఆళ్లగడ్డకు

ఊరు కదలాలంటే మొక్కుబడి ఉండాలి, లేకపోతే సెలవులైనా ఉండాలి. నాకు రెండూ లేవు. నా చేతిలో ఉన్నదల్లా ఒక స్టీలు టిఫిన్ డబ్బా. అందులో తడిగుడ్డలో చుట్టిన కట్టుడు పండ్ల సెట్టు. అది పొద్దున పదకొండు లోపల ఆళ్లగడ్డలో ఒక శిల్పి నోట్లోకి చేరాలి. నా యాత్రకు కారణం అంతే.

నాది నంద్యాల. పండ్లు కట్టే పని. డాక్టరు నోటి కొలత తీసి పంపిస్తాడు, నేను అచ్చు పోసి సెట్టు తయారు చేస్తా. ఇరవై ఏళ్లు పైబడింది. చుట్టుపక్కల ఊళ్ల నోళ్లన్నీ నాకు తెలుసు, మొహాలు మాత్రం తెలియవు. అచ్చు మీద ఒక చీటీ అంటించి ఉంటుంది, "దొర్నిపాడు అవ్వ, కింది వరస" అని. మా పరిచయం ఆ చీటీతో సరి. ఆ అవ్వ అచ్చు ఇప్పుడు కూడా నా బల్ల మీదే కూచొని ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణంలో నా మొహం ఎందుకట్లా వేలాడుతోందో మీకు తెలియదు. మా చర్చి అయ్యగారు ఊరి బయట కొత్తగా ఒక ప్రార్థన మందిరం కట్టించారు. దాన్ని చూసుకునే మనిషి కావాలి. "ఎన్నాళ్లు ఆ ప్లాస్టర్‌లో చేతులు పెట్టుకొని కూచుంటావ్ ప్రసాదూ? దేవుడు నిన్ను సేవకు పిలుస్తాండాడు, పని మానేసి రా" అని ఆయన కొన్ని నెలలుగా నా వెంట పడ్డారు. ఈ ఆదివారం ఆరాధనలో అందరి ముందు నేను జవాబు చెప్పాలి. నాకేమో ఒక పూట పిలుపు వినబడినట్టే ఉంటుంది, ఇంకో పూట అదంతా అయ్యగారి గొంతే అనిపిస్తుంది. ప్రభువా, ఒక గుర్తు చూపించు అని రాత్రంతా మోకాళ్ల మీద అడిగా. గుర్తేమీ రాలేదు గానీ తెల్లారేసరికి మోకాళ్లు పట్టేశాయి.

అన్నట్టు, అయ్యగారి పండ్లు కూడా నేను కట్టినవే. మొదట్లో ఆయన "స్తోత్రం" అన్నప్పుడల్లా ఈల వినబడేది. వెనక బెంచీల వాళ్లు కొంగులు, కర్చీఫులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ముందు పండ్లను మళ్లీ మళ్లీ అరగదీసి ఎట్లో ఆ ఈల మాన్పించా. సరే, ఆ మాట పక్కన పెట్టండి.

సలోమి, అంటే మా ఆవిడ, సేవ సంగతి ఎత్తితే "నీ ఇష్టం" అంటుంది. ఆ మాట ఆమె నోట వస్తే అది నా ఇష్టం కాదని పెళ్లైన కొత్తలోనే నేర్చుకున్నా. బయల్దేరేటప్పుడు మాత్రం నా సంచిలో గులాబీ రంగు పొడి డబ్బా, దాంట్లో కలిపే మందు సీసా, చిన్న కత్తి కుక్కింది. సెట్టు సరిగ్గా కుదరకపోతే సరిచేసే సామాను అది. పెట్టేసి వచ్చే పనికి ఇదంతా ఎందుకని విసుక్కున్నా. "తిరగడానికి పోతాండావా, పనికి పోతాండావా? పెట్టుకో" అని జిప్పు లాగేసింది.

నంద్యాల బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిన్నా. ఆ పక్కకు పోయేవాళ్లు ఇక్కడ తినే ఎక్కండి, దారిలో బస్సు ఆగినా డ్రైవరు మనసు ఆగదు. కడప, తిరుపతి బస్సులన్నీ ఆళ్లగడ్డ మీదుగానే పోతాయి. నేను ఏడుంపావుకు పల్లెవెలుగు ఎక్కా. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సంతా వాళ్లదే. మగవాళ్లం డబ్బులిచ్చి మరీ నిలబడ్డాం. ఊరి బయట కాలవ దాటాక రెండు పక్కలా వరి పచ్చగా కనబడింది. చూడ్డానికి బాగుంటుంది, కాకపోతే ముందు ఎవరో ఒకరి మోచేయి పక్కకు జరపాలి.

కొంతదూరం పోయాక వెనక సీటు దొరికింది. పక్కన మస్తాన్ అనే పరుపులు కుట్టే పెద్దమనిషి, కాళ్ల కింద దూది మూట. అటుపక్క అహోబిలం పోయే ఒకామె. డబ్బాలో ఏముందని ఆమె అడిగింది. చెబితే నమ్మలేదు. మూత తీసి చూపించా. ఒక్కసారి "నరసింహా" అని కండ్లు మూసుకుంది, మళ్లీ తెరిచి, వాళ్లత్తకు కట్టిస్తే ఎంతవుతుందో చెప్పమంది.

మస్తాన్ మాత్రం సెట్టును అటూ ఇటూ తిప్పించి చూశాడు. తన పని గురించి చెప్పుకొచ్చాడు. "నిద్ర పట్టనోళ్లు నన్ను తిట్టుకుంటారన్నా. పట్టినోళ్లకు నేను యాడ గుర్తొస్తా?" అన్నాడు. అంటూ నవ్వాడు. మరి ఈ పని ఎందుకు చేస్తున్నావని అడిగా. నిద్ర పోవాల గదా జనం అన్నాడు, అదేదో నేను అడగకూడని ప్రశ్న అడిగినట్టు. శిరివెళ్లలో మూట నెత్తికెత్తుకొని దిగిపోయాడు. ఇదేమన్నా గుర్తా ప్రభువా అనుకున్నా. ఆ పొద్దు రెండు కాకులు ఒకేసారి ఎగిరినా గుర్తేమో అనుకునే స్థితిలో ఉన్నా.

ఎనిమిదిన్నర దాటాక ఆళ్లగడ్డలో దిగా. శిల్పుల షెడ్లు కనుక్కోవడం కష్టం కాదు. ఎక్కడ చెట్ల ఆకులు తెల్లగా ఉన్నాయో, ఎక్కడ చెవిలో కోత మిషను మోగుతుందో అక్కడికి నడిస్తే చాలు. రోడ్డు పక్కనే వినాయకులు, నందులు, సగం చెక్కిన హనుమంతులు వరసగా నిలబడి ఉంటారు. తెల్ల చొక్కా వేసుకొని మాత్రం పోవద్దు, పోయినా ఫరవాలేదు, అది తెల్లగానే ఉంటుంది.

నాగలింగాచారి గారు షెడ్డు ముందు అరుగు మీద కూచొని ఉన్నారు. బక్కగా, పొడుగ్గా, పండ్లు లేక బుగ్గలు లోపలికి పోయిన మనిషి. "నువ్వేనా అప్పా నా నోరు చేసినోడు?" అన్నారు. లోపల నల్లరాతి సుంకులమ్మ విగ్రహం, నిలువెత్తు కాదుగానీ కూచున్నా మనకేసే చూసేట్టుంది. అంతా పూర్తయింది, కండ్లు తప్ప. కనుగుడ్డు మీద గీత పడలేదు. అమ్మవారిని తీసుకుపోవడానికి పగిడ్యాల పక్క పల్లె రైతులు ట్రాక్టరుతో వచ్చి కాచుకొని ఉన్నారు. పదకొండుకు ముహూర్తం. అప్పుడు ఆచారి బంగారు సూదితో కన్ను తెరవాలి. అంతవరకు దీక్షలో ఉన్నారు, ఇల్లు దాటకూడదు. డాక్టరేమో పెళ్లికని కడప పోయాడు. ఫోన్లో నన్నే పోయి పెట్టి రమ్మన్నాడు. అందుకే నేను రావలసి వచ్చింది.

నాకు ఒక మాట ముందే చెప్పేయాలనిపించింది. నేను చర్చికి పోయేవాణ్ణి, మీ దీక్షకు ఇబ్బందేమో అన్నా. ఆయన చెయ్యి ఊపేశారు. "ఈ రాయి కోసింది ఖాసీం. ఈడికి మోసింది మీ చర్చోళ్లే. బేగా పెట్టు నాయనా" అన్నారు.

సెట్టు పెట్టా. చక్కగా కూచుంది. మొహం ఒక్కసారిగా పదేళ్లు వెనక్కి పోయింది. ఆయన భార్య ఈశ్వరమ్మ తలుపు చాటు నుంచి చూసి, ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు కొంగు సర్దుకుంది. రైతులు కూడా బాగుందన్నారు. నేను కాస్త ఉబ్బిపోయానని ఒప్పుకుంటా.

అప్పుడు ఆచారి అమ్మవారి మొహం దగ్గరికి వంగి, బుగ్గలు నిండా గాలి పట్టి, ఫూ అని ఊదారు. పై సెట్టు ఎగిరింది. ఎగిరి సుంకులమ్మ ఒళ్లో పడింది.

షెడ్డులో మిషను కూడా ఆగిపోయింది. రైతుల్లో పెద్దాయన మొహం నల్లబడింది. నాకైతే నేల నోరు తెరిస్తే బాగుండుననిపించింది. సుంకులమ్మ ఒళ్లో నేను కట్టిన పద్నాలుగు పండ్లు నవ్వుతూ కూచున్నాయి. ఆచారి వాటిని చూశారు, అమ్మవారి మొహం చూశారు. "ఇంగా కండ్లు తెరవలేదులే. ఆయమ్మ చూల్లేదు" అన్నారు.

ముందు రైతు పెద్దాయనే నవ్వాడు. ఈశ్వరమ్మ పసుపు నీళ్లు తెచ్చి ఆ చోటు కడిగింది.

ఊదడం ఎందుకో అప్పుడు చెప్పారు. కన్ను తెరిచేటప్పుడు రాతి పొడి లేస్తుంది. ఆ పొడిని చేత్తో తుడవకూడదు, గుడ్డ తగలనీయకూడదు, నోటితో ఊదాలి. వాళ్ల ఇంటి పద్ధతి అది. పండ్లు లేకుండా ఊదితే తుంపర పడుతుంది. "అమ్మ మొదటిసారి చూసేటప్పుడు కంట్లో నా ఎంగిలి పడితే ఎట్లప్పా? అందుకే పండ్లు కట్టించుకున్న్యా. నమిలేదానికి కాదు" అన్నారు. ఈ పూట సెట్టు నిలబడకపోతే తాను చెక్కిన అమ్మకు తమ్ముడి కొడుకు కన్ను తెరవాలి.

తప్పు నాదే. నాకు వచ్చింది ఊరుకున్న నోటి అచ్చు. మాట్లాడదు, నమలదు, ఊదదు. నొప్పి లేకుండా ఉండాలని అంచులు పొట్టిగా కోశా, అందరికీ అట్లాగే కోస్తా. పొట్టి అంచు కిందికి గాలి దూరితే సెట్టు నిలవదు. ఈ నోరు ఏం పని చేస్తుందని ఎవర్నీ అడగలేదు. ఇరవై ఏళ్లలో ఏ నోటి గురించీ అడగలేదు.

సలోమిని తలుచుకుంటూ గులాబీ పొడి తీశా. మందుతో కలిపి, సెట్టు అంచుల చుట్టూ, వెనక అంగిటి దగ్గర వరసగా పెట్టి ఆయన నోట్లోకి ఎక్కించా. ఘాటుకు ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. మంత్రం చెప్పండి అన్నా. చెప్పారు. ఊదండి. బుగ్గలు ఎంత పట్టగలరో అంత పట్టండి. మళ్లీ ఊదండి. ఆయన నోరు ఎట్లా కదిలితే ఆ మెత్తటి ముద్ద అట్లా ఒదిగింది. గట్టిపడ్డాక తీసి కత్తితో చెక్కా. నున్నగా చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆచారి అమ్మవారి బుగ్గకు మెరుగు పెట్టిన సన్న ఎమరీ కాగితం ముక్క నీళ్లలో ముంచి ఇచ్చారు. దాంతోనే అరగదీశా. ఎంతసేపో తెలియదు. ఎవరో "పదిన్నర" అనేదాకా నాకు ఆదివారం గుర్తు లేదు, జవాబు గుర్తు లేదు. గుర్తు చూపించమని అడగడం కూడా మరిచిపోయా.

ముహూర్తానికి నేను బయట కొళాయి దగ్గర నిలబడ్డా. నా హద్దు నాకుంది. అమ్మ మొదటి చూపు మనుషుల మీద పడకూడదని అద్దం తెచ్చి ఎదురుగా పెట్టారు, అందరూ పక్కకు తప్పుకున్నారు. నాకేమీ కనబడలేదు. మంత్రం వినబడింది, ఒక్క అక్షరం తడబడలేదు. సూది మీద చిన్న సుత్తి దెబ్బ వినబడింది. తర్వాత ఊపిరి. ఫూ. పొట్టిగా, శుభ్రంగా. మళ్లీ దెబ్బ, మళ్లీ ఊపిరి. నేను డబ్బా గుండెకు అదుముకొని వింటున్నా. రెండో కన్ను కూడా అయిపోయి రైతులు గట్టిగా అమ్మా అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. కొళాయి దగ్గరే ఉన్నా కాబట్టి మొహం కడుక్కున్నా.

మధ్యాహ్నం ఈశ్వరమ్మ జొన్న రొట్టె, శెనిక్కాయల చెట్నీ పెట్టింది. ఆచారి రొట్టె తుంచి మెల్లగా నమిలారు. ట్రాక్టరు కదులుతుంటే మాత్రం లేచి నిలబడ్డారు, దగ్గరికి పోలేదు. కన్ను తెరిచాక చెక్కినవాడు మళ్లీ ముట్టుకోకూడదట. బాధగా ఉండదా అని అడిగా. "దేనికి? ఇంగ ఆయమ్మ పని ఆయమ్మది. నాకు ఇంగో రాయి ఉండాది" అన్నారు.

అప్పుడు నా సంగతి మొత్తం ఆయనకు చెప్పేశా. పని మానేసి దేవుని సేవకు పోవాలా వద్దా అని నలుగుతున్నానన్నా. ఆయన రొట్టె ముక్క మింగి, నా వైపు ఏందీ మనిషి అన్నట్టు చూశారు. "పోతే పోదువుగానీ, ఇంగో సెట్టు చేసి పెట్టిపో. వచ్చే నెల నరసింహస్వామి ఉండాడు నాకు" అన్నారు.

మూడు గంటల బస్సు దొరికింది. సీటు కూడా దొరికింది. ఆళ్లగడ్డ పోయేవాళ్లు అహోబిలం దాకా పోతే మంచిదంటారు, జీపులు కూడా ఉంటాయి. నేను పోలేదు. నేను చూసింది ఒక షెడ్డు, ఒక కొళాయి, ఒక నోరు. నా మటుకు ఆ యాత్ర సరిపోయింది. శిరివెళ్ల దాటాక ఫోను తీసి అయ్యగారికి చేశా.

"అయ్యగారూ, నాకు పిలుపు వచ్చింది."

"స్తోత్రం" అన్నారాయన. బస్సు చప్పుడులో కూడా ఆ మాట ఈల లేకుండా తేటగా వినబడింది.

"కొత్తది కాదు అయ్యగారూ, పాతదే. నేనే ఇన్నాళ్లూ చెవిన పెట్టలేదు. దొర్నిపాడు అవ్వ కింది వరస బల్ల మీద ఉండాది. పోయి ఆమెతో మాట్లాడాల. ఆదివారం అందరి ముందు ఇదే చెప్తా."

ఆయనకు కోపమొస్తుందనే అనుకున్నా. మందిరానికి వేరే ఎవరినైనా చూడాలి కదా అని తనలో తాను గొణుక్కున్నారు. ఆ తర్వాత గొంతు మార్చి, ఆదివారం కాస్త ముందుగా రమ్మన్నారు. పాట పాడేటప్పుడు పై సెట్టు కదులుతోందట.

ఇంతకుముందైతే సరే చూస్తా అని ఫోను పెట్టేసేవాణ్ణి. ఈసారి అడిగా.

"ఏ పాటకు అయ్యగారూ?"