రాజుకు కిరాయికిచ్చిన కత్తి

ఒక కత్తి పిడిని పదిహేనేళ్లుగా దాస్తున్నాను. ఇత్తడిది. చేతిలోకి తీసుకుంటే బరువేమీ ఉండదు. అది ఉన్న పెట్టె పక్కనుంచి మాత్రం నడవను, చుట్టూ తిరిగి పోతాను. ఊళ్లో ఎవరైనా "నీతో ఒక మాట" అంటే చాలు, తెలిసిపోయిందనుకుంటాను.

నాది కొత్తగూడెంలో నాటకాల డ్రెస్సులు కిరాయికిచ్చే దుకాణం. మా నాయన కిరాణా కొట్టులో బెల్లం బస్తాల మధ్య పెరిగాను. దేవుడు ప్రత్యక్షమైతే వరం ఎంతకిస్తావని అడిగే రకం.

డెబ్భైల చివర్లో బొగ్గుబాయి కార్మికులు క్వార్టర్ల మైదానంలో ఒక నాటకం వేశారు. తమ్ముడు కుట్ర చేసి వెళ్లగొడితే, రాజు కట్టెలు కొట్టేవాడి వేషంలో అడవిలో దాక్కుని, ప్రేమించిన రాకుమారి కోసం తిరిగొచ్చి కత్తి దూసే కథ. రాజు మల్లేశం, తమ్ముడు కొమురయ్య. ఇద్దరూ ఒకే బాయిలో పనిచేసే స్నేహితులు. రాకుమారి ఖమ్మం నుంచి వేషానికి వచ్చే సరోజ. ఆమె మీద ఇద్దరికీ మనసుందని క్వార్టర్లన్నిటికీ తెలుసు. ఆమె మనసు మల్లేశం మీదేనని నాకు తెలుసు. నగలు పెట్టుకుంటూ అద్దంలో ఎవరిని చూస్తుందో చూశాను కదా.

రేకు కత్తులు చప్పుడు చేయవు. ఇనుప కత్తులైతే ఖంగుమంటాయి, నిప్పురవ్వలు రాలతాయి. నేను ఆ రవ్వల్ని అమ్మాను, రెట్టింపు కిరాయికి. రాజు కత్తిని పిడికి బిగించే రివిట్ అరిగిపోయిందని తెలుసు. కమ్మరికి డబ్బులెందుకని రాగితీగ చుట్టి, పైన బంగారు కాగితం అంటించాను.

కొబ్బరికాయ కొట్టి, రాజు కత్తిని డ్రెస్సులాయనే చేతికివ్వడం ఆనవాయితీ. మల్లేశం దాన్ని కళ్లకద్దుకుని, ఒకసారి ఊపి చూశాడు.

"పిడి కదులుతున్నదేంది సేటూ?"

"కొత్త కోడలు లెక్కన్నా. చెయ్యి అలవాటైతే నిలుస్తది."

"ఊడి కొమురయ్య మీద పడ్తేనో?"

"రాజ్యమే పోయినోనికి కత్తి పోతదని భయమా? పో పో, గంట కొట్టిన్రు."

నవ్వాడు. నా మాట నమ్మాడు.

చివరి యుద్ధంలో పిడి ఊడి కత్తి ఎగిరింది. పెట్రోమాక్స్ వెలుగులో జనానికి కనబడింది రాజు చెయ్యి విసరడం, తమ్ముడు కన్ను పట్టుకుని కూలిపోవడం. మల్లేశం పిడి పారేసి అతని తల ఒళ్లోకి తీసుకున్నాడు. అందరూ అటే మూగారు. కిందపడ్డ సామాను ఏరడం నా పనే కదా, నన్నెవరు చూస్తారు? రెండు ముక్కలూ సంచిలో వేసి, అచ్చం అలాంటిదే గట్టి కత్తి నా సామాను పెట్టెలోంచి తీసి అక్కడ పెట్టాను. నేలమీది నెత్తురు దాని మొనకు రాశాను. ఈ మాట ఇంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు.

"పిడి ఊడింది" అన్నాడు మల్లేశం. పెద్దమనుషులు కత్తి తీసి ఊపారు. పిడి కదల్లేదు. సరోజ కోసం కావాలనే పొడిచాడన్నారు. అతను నా వైపు చూశాడు. నేను కిరీటాలు సర్దుకుంటున్నాను. పోలీసులు వచ్చేలోపు అతను ఊరు విడిచాడు. కొమురయ్యకు ఒక కన్ను పోయింది. స్నేహితుడే తీశాడని నమ్ముతూ ఇప్పటికీ బతుకుతున్నాడు.

ఎందుకు చేశాను? జైలు భయమా? దుకాణం పోతుందనా? రివిట్ వేయించకపోవడం పిసినారితనం, దాన్ని ఒప్పుకుంటే నాలుగు తిట్లతో పోయేదేమో, కానీ నెత్తురు రాసిన చెయ్యి ఎవరిదని రోజూ అన్నం కలుపుకునేటప్పుడు అడుగుతాను, జవాబు తెలిసీ అడుగుతాను. కత్తిని గోదావరిలో వేశాను. పిడి ఇత్తడిది కదా, పారేయడానికి చెయ్యి రాలేదు. అదీ నేను.

కొన్నేళ్లకు భద్రాచలం అవతల, అడవి అంచు సంతలో పూసలూ అద్దాలూ పిల్లల రేకు కత్తులూ పరుచుకుని కూర్చున్నాను. గడ్డం పెరిగిన ఒకతను నా ముందు కట్టెలమోపు దించాడు. ఎవరో వేరే పేరుతో పిలిస్తే పలికాడు. ఒక రేకు కత్తి తీసి ఊపి చూశాడు.

"పిడి గట్టిగున్నదా సేటూ?"

నా నోట ధర రాలేదు. పుట్టాక అదే మొదటిసారి. మల్లేశం కత్తిని మెల్లగా కింద పెట్టి, మోపెత్తుకుని చెట్లలోకి పోయాడు. నేను పిలవలేదు. మళ్లీ వస్తాడేమోనని సామాను మూటగట్టి బస్సుకు పరుగెత్తాను.

సరోజ ఇంకా పెళ్లి చేసుకోలేదు. నగల కోసం వచ్చినప్పుడల్లా అడుగుతుంది, "సంతలకు తిరుగుతవు గదా అన్నా, ఆయన యాడన్న కనబడ్డడా?" అని. లేదమ్మా అంటాను. కిరాయి తగ్గిస్తాను. ఆ తగ్గింపుకు ఆమె దండం పెడుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఎంత పిరికి బేరమో చూశారా? క్షమించమని అడగను. పిడిని ముందు పెట్టుకునే రాస్తున్నాను, రాగితీగకు చిలుము పట్టింది. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా దానిమీద తువ్వాలు కప్పుతున్నాను. ఇప్పుడు తీసేశాను.

పిడి ఊడింది. మల్లేశం పొడవలేదు.