మేక చెవికి రాసే మందు

మా బావంటే నాకు మొదట్నుంచీ పడదు. అక్క మొగుడు కాబట్టి "మీరు" అంటాను, అంతే. అల్ ఘర్రాఫా అనే పేటలో ఒకరింట్లో డ్రైవరు. నన్ను ఖతార్ తెచ్చింది తనేనని, శుక్రవారం చర్చి దగ్గర కనబడ్డ ప్రతివాడికీ చెబుతాడు. చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అది నిజం కాబట్టి ఇంకా మండుతుంది.

ఆ ఏడు ఆయనకి తొడల దగ్గర మొదలైన తామర నడుము దాటి చేతులకెక్కింది. ఊరి నుంచి ఎవరో తెచ్చిన ట్యూబు రాసుకునేవాడు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. రెండ్రోజులు దురద అణుగుతుంది, ఆపితే రెట్టింపై లేస్తుంది. మానెయ్యమని మొత్తుకున్నాను. వింటేగా! చివరికి స్టీరింగ్ మీద ఆ చేతులు ఆ ఇంటి మేడమ్ కంట పడ్డాయి. తన పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళే చేతులు. వేసవి సెలవుల నుంచి తిరిగొచ్చేలోపు తగ్గకపోతే వీసా క్యాన్సిల్ అని చెప్పి ఆవిడ విమానమెక్కింది.

అప్పుడు గుర్తొచ్చాను నేను. నా డ్యూటీ ఒక ల్యాబ్‌లో. కంటికి కనపడనంత చిన్న కొవ్వు బుడగల్లో తామర మందు నింపి జెల్ చేస్తాం. మామూలు క్రీము చాలావరకు పైపైనే ఆగిపోతుంది. ఈ బుడగలు చర్మం పొరల సందుల్లోంచి దూరి మందుని లోపల దింపుతాయి. ఎంత దిగిందో చూడ్డానికి తోలు కావాలి. బయటి దేశాల్లో పంది చెవి వాడతారు. ఇక్కడ మేం ఆ మాటే ఎత్తం, కబేళా నుంచి మేక చెవులు తెచ్చుకుంటాం. వాటి తోలు ఒలిచి గాజు గిన్నెల మధ్య బిగించడం నా పని. ఓసారి ఇదంతా చెప్పి అక్కని నవ్వించాను. అక్క ఆయనకి చెప్పింది.

చర్చి బయట నన్ను ఎండలో నిలబెట్టి, ఆ జెల్ కొంచెం తెచ్చిపెట్టమన్నాడు. మనుషుల మీద ఇంకా వాడలేదు, కుదరదు, చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి అన్నాను. డాక్టరు ముందు బట్టలిప్పడానికి ఆయనకి నామోషీ.

"మేక చెవికి రాస్తావు గానీ, మీ అక్క మొగుడికి రాయవేంట్రా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ నవ్వు మనసులో పెట్టుకునే చేశాను ఆ పని. ప్రతి జెల్‌తో పాటు ఒక బ్లాంక్ కూడా చేస్తాం. అవే బుడగలు, లోపల మందుండదు. పోల్చి చూశాక పారేస్తాం. ఆ పారేసేది ఒక డబ్బాలో పెట్టి ఇచ్చాను. ఖాళీదే కదా, ఏం చేస్తుందిలే, నోరు మూసుకుంటాడు చాలు అనుకున్నాను.

ఆయన దాన్ని తన ట్యూబు మందులో కలుపుకుని రాసుకున్నాడు. రెండూ కలిస్తే బలమట. బుడగల పనే మొయ్యడం. మంచిదో చెడ్డదో వాటికేం తెలుసు? మూడు వారాల్లో తొడల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి చీలింది. తామర మెడకెక్కింది. ఆ ట్యూబు ఒక్కటే ఇంత పని చేసేదా, నా బుడగలు తోడయ్యాయా, నాకు తెలియదు. కొలిచే సామానంతా నా చేతుల్లోనే ఉంది. కొలవలేదు.

తిరిగొచ్చిన రోజే మేడమ్ ఆయన్ని ఆసుపత్రికి పంపింది. ఏమేం రాశావని డాక్టరు అడుగుతాడు, ఈయన డబ్బా చూపిస్తాడు, నా ఉద్యోగం పోతుంది. ఆ రోజంతా ల్యాబ్‌లో ఇదే అనుకుంటూ కూర్చున్నాను. తీరా ఆయన చూపించింది ఊరి ట్యూబు ఒక్కటేనట. నా ఊసే ఎత్తలేదట.

వీసా మాత్రం క్యాన్సిలైంది. ఎయిర్‌పోర్టులో దింపడానికి వెళ్ళి, ఇక ఉండబట్టలేక చెప్పేశాను. నేనిచ్చిన డబ్బాలో మందు లేదు బావగారూ, మీ నోరు మూయించడానికి ఇచ్చాను అన్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

ఆయన మెడ గోక్కుంటూ నా వంక చూశాడు.

"మేకకైతే మందున్నదే రాస్తావు కదరా?" అన్నాడు.

అవునన్నాను.