కిష్టవ్వ నొసటి వెండి బిళ్ళ

మంచిర్యాలలో నా దర్జీ దుకాణానికి ఆనుకొనే వెండి బంగారం పనిచేసే అవుసుల సదానందం కొట్టు. చుట్టుపక్కల పల్లెల జనం పాత కడియాలు, పట్టీలు కరిగించడానికి ఆయన దగ్గరికి తెస్తారు. గోదావరి ఒడ్డు చేలల్లో దున్నుతుంటే దొరికిన పాత నాణేలు కూడా అప్పుడప్పుడు వాటితో కలిసి వస్తాయి. ఇంకొక అవుసులాయనైతే వెండి వెండే కదా అని మూసలో పడేస్తాడు. సదానందం మాత్రం కొనుక్కొని దాచుకుంటాడు. అందులోనూ ఆనాటి వర్తకంతో ఇటు వచ్చిన రోమ్ రాజుల నాణేలంటే పిచ్చి. ఇంట్లో కూరకు నూనె ఎక్కువైందని అలిగే మనిషి, రెండువేల ఏళ్ల కింద పోయిన రాజు ముఖాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తూ మధ్యాహ్నమంతా గడిపేస్తాడు.

ఆయన కళ్లన్నీ ఓథో అనే రాజు మీద ఉండేవి. మూడు నెలలే ఏలి, యుద్ధంలో ఓడి, తనను తానే పొడుచుకొని చచ్చాడట. ఏలింది తక్కువ కాబట్టి నాణేలూ తక్కువే. విగ్గు పెట్టుకున్న ఆ ముఖాన్ని ఫోనులో నాకు ఎన్నిసార్లు చూపించాడో! "నాకెందుకు సదన్నా, జాకెట్లు కుట్టుకునేటోనికి" అంటే కోపం వచ్చేది.

ఆ నాణెం ఒకరోజు తనంతట తానే కొట్టుకు వచ్చింది. ఏటి ఒడ్డు పల్లెకు చెందిన కిష్టవ్వ అనే ముసలావిడ కొంగుముడి విప్పి, మసిబట్టిన వెండి బిళ్ళ తీసి ఆయన ముందు పెట్టింది.

"జర మెరుగు పెట్టు కొడుకా. నేను సచ్చినంక నొసటి మీద పెట్టేది."

వాళ్ల ఇంట్లో ఎవరు పోయినా పసుపు అద్ది నుదుటిన పెట్టేది ఆ బిళ్ళనే. చితికి నిప్పు పెట్టే ముందు పెద్ద కొడుకు దాన్ని తీసి ఇంటికి తెస్తాడు. ఆవిడ అత్తమామలకూ, మొగునికీ, పురిట్లో పోయిన కూతురికీ అదే పెట్టారు.

సదానందం మసి తుడిచాడు. మసి కింద ఓథో ముఖం. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా! చెప్పలేదు.

"ఇది కల్తీ వెండి అవ్వా. దేనికీ అక్కరకు రాదు. నాకియ్యి, మంచి వెండి రూపాయి బిళ్ళ ఇస్త."

"కల్తీదైతే కానియ్యి. మావోళ్లందరి నొసటి మీద పండుకుంది. నాకు గిదే కావాలె" అని ముసలావిడ నవ్వి, బిళ్ళను కొంగున కట్టుకొని పోయింది.

ఆశ కుదురుగా ఉండనిస్తుందా? వారం తిరగకముందే ఆ పల్లెకు పోయి, ఆవిడ కొడుకులు వెంకటి, రాజలింగులను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. ఒక జత ఎద్దులు వచ్చేంత ఇస్తానన్నాడు. తల్లి బతికుండగా అడగలేమన్నారు కొడుకులు. "ఆగుత" అన్నాడట సదానందం. ఆ మాట నాకు చెబితే ఒళ్లు మండింది. "ముసలామె ఎప్పుడు పోతదా అని కాసుక కూసుంటవా?" అని అడిగాను. కొట్టులోకి పోయి కొలిమి ఊదుకున్నాడు.

ఎండాకాలంలో కిష్టవ్వ పోయింది. బిళ్ళ నుదుటిన పెడితే, తీసేటప్పుడు పెద్దోడు వెంకటి కాజేస్తాడని తమ్ముడి భయం. తమ్ముడి దగ్గర ఉంచడానికి వెంకటి ఒప్పుకోలేదు. శవం వాకిట్లో ఎండకు ఉండగా అన్నదమ్ములు ఒకరి చొక్కా గల్లా ఒకరు పట్టుకున్నారు. పొద్దుగూకే వేళకు ఊరివాళ్లే పాడె ఎత్తారు. ఎవరో వేరే రూపాయి తెచ్చినా, ఆ గొడవలో దాన్ని నుదుటిన పెట్టినవాళ్లు లేరు.

దినాలు కాగానే ఇద్దరూ కొట్టుకు వచ్చారు. ఒకరి చేతికి ఇంకొకరు ఇవ్వకుండా, ఊరి పెద్ద నాగయ్యతో బిళ్ళను మోయించుకొని వచ్చారు. అన్నదమ్ములు వేరుపడితే తల్లి కడియాలు అవుసులాయన దగ్గర కోయించి తూకం వేసి పంచుకోవడం ఇక్కడి రివాజు.

"సగానికి కొయ్యి" అన్నాడు వెంకటి.

సదానందం బిళ్ళ మీద అరచెయ్యి కప్పాడు. "వద్దు! కోస్తే దీనికి విలువుండదు. నిండుగ నాకియ్యున్రి, ఇద్దరికీ పైసలు సమానంగ ఇస్త."

రాజలింగు వంకరగా నవ్వాడు. "అవ్వకేమో కల్తీదన్నవ్. మాకేమో ఎడ్ల జతంటివి. ఇప్పుడు కోస్తే విలువే లేదంటున్నవ్. నీది ఏ మాట నమ్మాలె?"

నేనూ నా దుకాణం దిగి వచ్చి చెప్పి చూశాను. వినలేదు. నువ్వు కోయకుంటే కమ్మరి కొట్టుకు పోతామన్నారు. సదానందం ఉలి తీశాడు. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. రెండో దెబ్బకు ముక్కు ఒకవైపు, చెవి ఒకవైపు అయ్యాయి. తూకం వేసి చెరొకటి ఇచ్చాడు.

"ఇప్పుడెంత ఇస్తవ్?" అన్నాడు వెంకటి.

"కరిగించే వెండి ధర."

కోస్తే విలువ పోతుందన్నది నిజమేనని ఆ గొంతు విన్నాక వాళ్లకు నమ్మకం కుదిరింది. వెంకటి అరచేతిలోని ముక్కను చూస్తూ అక్కడే గడప మీద కూలబడ్డాడు.

"అరేయ్ రాజలింగూ, గీ ముక్క కోసమా అవ్వను వట్టి నొసటితో తోలిచ్చినం?"

సదానందం ఉలిని కింద పెట్టి, వాళ్లకు వీపు తిప్పి, వినపడీ వినపడనట్టు అన్నాడు: "మీరు కాదు బిడ్డా. ఆమె నొసటి బిళ్ళ తీసింది నేను."