నాన్న కారు స్టీరియో

బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. నాన్న పాత కారులోంచి ఊడదీసిన స్టీరియో నా ఒళ్ళో ఉంది. నాన్న దినాలయ్యాక అది పలకడం మానేసింది. ఊళ్ళో ముగ్గురు మెకానిక్కులూ "డెడ్ హై, కొత్తది పెట్టుకోండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రాయ్‌పూర్‌లో బాగుచేయించి, వాళ్ళ షాపుల ముందే పాటలు మోగించాలని పంతం పట్టాను.

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైందట. "ఏదీ, ఇలాగియ్యి బాబూ" అని సెట్టు వెనక్కి తిప్పి, ఒక చిన్న గాడిలో గోరు పెట్టి చూసింది.

"ఇక్కడ ఫ్యూజుండాల. కాలిపోతే కాలిందే ఉంటాది. ఇది ఎవులో పీకీసేరు."

"ఎవరు పీకుతారమ్మా?"

"ఆ కార్లో నువ్వు ఎవుల్ని ఎక్కించుకోలేదు?"

ఆవిడ కొంగు ముడి విప్పి ఎర్రటి ఫ్యూజొకటి చూపించింది. "ఇది మా తమ్ముడి కారుది. ఆడింకా షాపులు తిరుగుతున్నాడు" అంటూ తృప్తిగా మళ్ళీ ముడేసుకుంది.

నాన్న పదో రోజున అర్పా నది ఒడ్డుకి వెళ్ళేటప్పుడు, మా అత్తవారింటి వాళ్ళందర్నీ కార్లో ఎక్కించి అక్కని ఆటోలో రమ్మన్నాను. ఆ సాయంత్రం తను కారు తాళాలు అడిగి తీసుకెళ్ళింది. ఎందుకని నేను అడగలేదు. ఆ సెట్టు విప్పి బిగించడం నాన్న నేర్పింది తనకే.

అది జరిగిన ఆరు నెలలకి ఇవాళ, ఈ వెయిటింగ్ రూములోనే కూర్చుని అక్కకి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే అంది:

"ఎన్ని షాపులు తిరిగేవురా?"