సొరంగంలో ఈల

మా పెద్దమ్మ ఉద్యోగం ఫుట్‌బాల్ స్టేడియం చూపించడం. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది, వాళ్ళు స్నానం చేసే తొట్లు, పెద్దమనుషులు కూర్చునే మెత్తటి కుర్చీలు, అన్నీ చూపించి చివర్న జనాన్ని సొరంగంలోకి తీసుకెళ్తుంది. ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే దారి అది. అక్కడ లైట్లు తగ్గించి, స్పీకర్లలో జనం హోరు వినిపిస్తారు. ‘పాతికేళ్ళ కిందటి ఫైనల్ నాటి హోరు’ అని పక్కనే బోర్డు కూడా పెట్టారు. ఆ హోరు వింటూ నడిస్తే ఎంత బొజ్జ ఉన్నవాడికైనా తానో పెద్ద ఆటగాణ్ణనిపిస్తుంది.

పెద్దమ్మకు ఆటంటే బొత్తిగా గిట్టదు. ఎవరు ఎటువైపు గోల్ వేయాలో ఇప్పటికీ తెలీదు. ఆవిడ అక్కడ చేరింది ఆ హోరులో ఉన్న ఒక ఈల కోసం.

పెదనాన్న ఆ ఫైనల్ చూడ్డానికి వెళ్తున్నానని చెప్పి ఇంట్లోంచి బయల్దేరాడు. మళ్ళీ రాలేదు. ఆ పొద్దున ఇద్దరికీ మాటామాటా పెరిగింది, అదీ కారుతున్న కుళాయి గురించి. ఇరుగుపొరుగు వాళ్ళకు అది చాలు. ఎవరితోనో లేచిపోయాడని తేల్చేశారు. మా అమ్మా అదే నమ్మింది, అక్క ముందు అనలేదంతే.

కొన్నేళ్ళకు ఎవరో చుట్టాలొచ్చి స్టేడియం చూద్దామని లాక్కెళ్తే, ఆ సొరంగంలో పెద్దమ్మకు ఈల వినపడింది. పెదనాన్నకు ముందు పన్ను సగం విరిగి ఉండేది. ఆయన ఈల పొడుగ్గా సాగి, మధ్యలో గాలి పోయి, మళ్ళీ లేచేది. వీధి తలుపు తాళంచెవి ఏనాడూ జేబులో పెట్టుకోడు. కింద నిలబడి ఆ ఈల వేస్తే, పెద్దమ్మ మూడో అంతస్తు కిటికీలోంచి తాళంచెవి గుడ్డలో చుట్టి విసిరేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు నేనూ విసిరాను. ఒకసారి ఆయన నెత్తినే పడింది.

ఆ ఈల ఆ హోరులో ఉందంటే ఆయన చెప్పిన చోటికే వెళ్ళాడన్నమాట. అబద్ధమాడలేదు, వదిలేసి పోలేదు, తిరిగొచ్చే దారిలోనే ఏదో జరిగింది. పెద్దమ్మ ఆ ఒక్క ఈలను పట్టుకుని ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగింది.

మొన్న నేను వెళ్తే ముందు ఊరంతా చూపించింది. మ్యూజియం దగ్గర బస్సు కూడా దిగనివ్వలేదు. ఆసుపత్రి వెనక గేటు దగ్గర, నది మీది పాత వంతెన దగ్గర, స్టేషన్ పక్క చవక లాడ్జీల సందులో మాత్రం తాపీగా నిలబెట్టింది. ఇదేం ఊరు చూపించడమని లోపల విసుక్కున్నాను. లాడ్జీల సందులో ఆవిడ ఒక్కో గుమ్మంలోకీ తొంగిచూడ్డం గమనించాక అర్థమైంది. ఆయన్ను వెతికిన దారి అది. ఊరికి వచ్చిన చుట్టాలందరినీ ఆ దారినే తిప్పుతోంది. నా నడక నెమ్మదించింది.

“ఏమే, కాళ్ళు నొప్పులా?” అంది.

“లేదు పెద్దమ్మా.”

“మీ పెదనాన్నయితే ఈపాటికి టీ అడిగేవాడు.”

ఆయన వెనకే వస్తున్నట్టు అంటుంది ఎప్పుడూ. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను కూడా.

మధ్యాహ్నం స్టేడియానికి వెళ్ళాం. సొరంగంలో పెద్దమ్మ నన్ను ఎడమ గోడకు దగ్గరగా నిలబెట్టింది. హోరు మొదలైంది, పెరిగింది, దాని లోపల్నుంచి ఈల లేచింది. పొడుగ్గా సాగింది, గాలి పోయింది, మళ్ళీ లేచింది. అనుమానం లేదు, పెదనాన్నే. తెలియకుండానే తాళంచెవి కోసం చెయ్యి చాచాను.

జనం మైదానంలోకి వెళ్ళిపోయారు. స్పీకరొకటి గురగురలాడుతోందని కొత్తగా పిలిపించిన సౌండాయన నిచ్చెన మీద ఉన్నాడు. ఉండబట్టలేక, “ఆ ఫైనల్ హోరు ఇన్నేళ్ళు భలే దాచారండీ” అన్నాను.

ఆయన నవ్వాడు. “ఫైనలా? అది బోర్డు కోసం రాసుకున్న ముక్క. ఆ రోజు ఇక్కడ ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఇది సముద్రం ఒడ్డున ఇంకో ఊళ్ళో తీసింది. మైకు పట్టుకుంది నేనే.”

“ఎప్పుడు తీశారు బాబూ?” అంది పెద్దమ్మ.

“ఆ ఫైనల్ అయిన రెండేళ్ళకి. మా అమ్మాయి పుట్టిన ఏడు, ఎలా మర్చిపోతానమ్మా.”

ఈల ఆయనది కాకపోతే పెద్దమ్మ ఇన్నేళ్ళూ పట్టుకున్నది ఉత్త గాలి. ఆయనదే అయితే, ఆవిడ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో ఆయన సముద్రం ఒడ్డున హాయిగా ఆట చూస్తున్నాడు. రెండిట్లో ఏది కోరుకోవాలో నాకే తెలియలేదు.

పెద్దమ్మ మెడలోని కార్డు సరిచేసుకుంది. “అయితే అది ఆయన కాదులే. ఈల ఎవడైనా వేస్తాడు.”

“అంతే పెద్దమ్మా. నాకూ కొంచెం తేడాగానే అనిపించింది.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ అబద్ధం ఇంకొంచెం బాగా ఆడి ఉంటే బాగుండేది. అవతల తరవాతి జనం వచ్చి నిలబడ్డారు, ఎవరో పిల్ల బోర్డు మీది అక్షరాలు పైకి చదువుతోంది. పెద్దమ్మ వాళ్ళ వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి సౌండాయన నిచ్చెన పట్టుకుంది.

“బాబూ, ఆ ఈల వేసినాయన పక్కన ఎవరైనా ఆడమనిషి ఉందా?” అని అడిగింది.