ఊ కొట్టని కథ

నిజామాబాద్‌లోని పిల్లల కథల మ్యూజియంలో, మా అవ్వ గొంతు వినిపించే పెట్టె ముందు నిలబడి నేను మెల్లగా "ఊ" అంటానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అవ్వ అంటే మా నాన్నమ్మ. బోధన్‌లో బీడీలు చుడుతూనే మాకు కథలు చెప్పేది. వినేవాళ్లు ఊ కొట్టకపోతే నిద్రపోయారనుకుని ఆపేసేది. ఆమెకు చూపు పోయాక ఆ ఊ ఒక్కటే ఆధారం.

మ్యూజియం వాళ్లు ఆమె కథ ఒకటి రికార్డు చేసి పంపమన్నారు. చెప్పేవారి గొంతు తప్ప వేరే చప్పుడు ఉండకూడదన్నారు. ఊ కొట్టనని అవ్వకు ముందే చెప్పి, ఫోన్‌లో రికార్డింగు మొదలుపెట్టి ఆమె పక్కన ఉంచాను.

ఫోన్‌ను తడిమి, "గిండ్ల నన్ను దాస్తవా? ముసల్దాన్ని, పాత బియ్యం లెక్క పురుగు వడ్తది సూడు!" అని నవ్వింది.

చెరుకు తోటలో దారి తప్పిన పిల్ల కథ మొదలుపెట్టింది. నేనెప్పుడూ వినలేదు దాన్ని. చెప్తూ చెప్తూ, నేను ఊ కొట్టనన్న మాట మరిచిపోయింది. పిల్ల తోట నడుమ నిలబడి తల్లిని పిలుస్తుండగా ఆగింది. నన్నేదో అడిగింది. జవాబిస్తే రికార్డు పాడవుతుందని నేను పలకలేదు.

తెల్లారేసరికి అవ్వ లేదు.

మ్యూజియం వాళ్లు ఆ రికార్డును ఉన్నదున్నట్టే పెట్టారు. పిల్లలు మీట నొక్కి వింటారు, తర్వాత ఏమైందని కాసేపు చూసి వెళ్లిపోతారు. నేను ఊ అంటూనే ఉంటాను. అయినా పెట్టెలో అవ్వ అదే చోట ఆగి, ఆ రోజు నాతో అన్నదే అంటుంది:

"పండుకున్నవా బిడ్డా? పండు, పండు. మిగిలింది రేపు చెప్త."